కట్టి ఉంచిన గేటు

టాల్‌బట్ వాళ్ల పికప్ బండిలో తలుపు పక్కన కూర్చున్నవాళ్లే దిగి గేట్లు తీయాలి. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఆ ఇంట్లో అదే చట్టం. నడిపేవాడు దిగడు. మధ్యలో ఇరుక్కున్నవాడు దిగలేడు. ఆర్డెత్‌కి ఆరేళ్లు వచ్చేసరికి తలుపు పక్క చోటు ఆమెకు ఖాయమైపోయింది. నాన్న నడిపేవాడు, అన్న వెర్ల్ మధ్యలో దర్జాగా కాళ్లు చాపుకుని, గేటు కనబడగానే "దిగవే బుడ్డీ" అనేవాడు. ఆమె దిగేది. బండి గేటు దాటేదాకా నిలబడి, మళ్లీ మూసి, ఎర్రదుమ్ము కొట్టుకున్న మొహంతో పరుగెత్తి ఎక్కేది.

ఇప్పుడామెకు అరవై ఆరు, వెర్ల్‌కి డెబ్బై ఒకటి. నాన్న పోయి ముప్పై ఏళ్లయింది. బండిలో మధ్యచోటు ఖాళీ. అయినా వెర్ల్ నోట ఆ మాట పోలేదు.

"మోకాళ్లు పట్టేశాయి అన్నా, ఒక్కసారి నువ్వు దిగకూడదూ?"

"నేను దిగితే బండెవరు నడుపుతారు?"

"నేను నడపలేనా?"

"నడపగలవు. అదే నా భయం."

యూటా రాష్ట్రం దక్షిణ భాగంలో, ఊరికి ఎనభై మైళ్ల అవతల, టిన్‌స్పూన్ లోయలో వాళ్ల పశువుల రాంచ్. చలికాలమంతా మంద లోయ అడుగున మేస్తుంది. మే నెలాఖరుకు అడుగున గడ్డి పీచుబారుతుంది, కొండ మీద మంచు కరిగి పచ్చిక లేస్తుంది. అప్పుడు మందను పైకి తోలతారు. అక్టోబరులో మళ్లీ కిందికి. ఆర్డెత్ బతుకంతా ఈ ఎక్కడం దిగడంలోనే గడిచింది. ఇరవై నాలుగో ఏట కంచరగాడిదల మీద సామాన్లు చేరవేసే లామార్‌ని పెళ్లి చేసుకుని ఊరికి కాపురానికి వెళ్లింది. పదకొండేళ్లకు అతను గుండె ఆగి పోతే, రెండు పెట్టెలతో, అతని కంచరగాడిదల్లో మిగిలిన ఒక్కదానితో తిరిగి వచ్చింది. వెర్ల్ బండి తలుపు తీసి పట్టుకుని, "రా, నీ చోటు ఖాళీగానే ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవలసిందేమీ మిగల్లేదు కూడా.

ఆ లోయలో గేటంటే ఇనుప తలుపు కాదు. నాలుగు వరసల ముళ్లతీగ, దాన్ని నిలబెట్టడానికి నాలుగు జునిపర్ చెట్టు కర్రలు. చివరి కర్ర మొదలును గుంజకున్న తీగ ఉంగరంలో దోపి, భుజంతో కర్రను గుంజకేసి అదిమి, పై ఉంగరాన్ని దాని తలకు తగిలించాలి. పట్టు తెలియనివాళ్లు తీయగలరు గానీ మూయలేరు. అలాంటివాళ్లు దాన్ని నేలమీద పడేసి పోతారు. ఇంటివాళ్లు కావాలని తీసి ఉంచితే గేటు మొత్తాన్ని వెనక్కి లాగి, కంచెకు ఆనించి, తాడుతో కడతారు. కట్టి ఉందంటే ఎవరో ఆలోచించి తీశారని అర్థం. ఆర్డెత్‌కి ఈ సంగతి నడక నేర్చిన నాటినుంచీ తెలుసు.

పన్నెండేళ్ల కిందట వెర్ల్ కూతురు జెస్సా వాగు ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల కింద ఆరు గుడారాలు, ఒక వంటపాక వేసింది. ఒక్క మందనే నమ్ముకుంటే ఇల్లు నిలవదని ఆ పిల్లకి ముందే తెలుసు. వసంతంలో, శరత్తులో సరదాకి కొండలు తిరిగే నడకవాళ్లు వస్తారు, రాతిగోడలెక్కేవాళ్లు వస్తారు. ఆర్డెత్ వాళ్లకు రొట్టెలు కాల్చి పెట్టేది, గుర్రం ఎక్కించేది, తేలు కుడితే మందు రాసేది. అయితే గేట్ల దగ్గర మాత్రం వాళ్లను నమ్మేది కాదు. ప్రతి గేటుకూ ఒక చెక్క వేలాడదీసి స్వయంగా తెల్లరంగుతో రాసింది: గేటు ఎలా కనబడితే అలాగే వదలండి.

సోమవారం తెల్లవారుజామునే ఊరికి వెళ్లిన ఆమె, ఆ మంగళవారం దవడపన్ను పీకించుకుని ఒక్కతే తిరిగి వస్తోంది. ఎడమ బుగ్గ బన్నురొట్టెలా పొంగింది. మత్తు దిగిపోయి నొప్పి మొదలైంది. మిట్టమీది మేత భూమిని దాటి గేటు దగ్గరకు వచ్చేసరికి అది బార్లా తీసి ఉంది.

గేటుకు ఇవతల మిట్ట. మంద ఆ మే నెలంతా అక్కడే. గేటుకు అవతల ఊట, దాని చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిని మంద శరత్తులో దిగివచ్చేనాటికి దాచిపెడతారు. అందుకే ఆ గేటు మూసే ఉండాలి.

"నడకవాళ్లూ! వీళ్ల కాళ్లు విరగ!" అని ఆర్డెత్ బండి దిగింది. కంచెకు కట్టి ఉన్న నారింజరంగు తాడు ముడి విప్పింది. తాడుముక్కను అలవాటుగా జేబులో పెట్టుకుంది. ఆ ఇంట్లో తాడుముక్క పారేయడం పాపం. గేటు లాక్కొచ్చి, భుజమానించి అదిమి, ఉంగరం తగిలించింది. దూరంగా జునిపర్ల నీడలో మంద పడుకుని ఉంది. అన్నిటికన్నా పెద్దదైన తెల్లమొహం ఆవు తలెత్తి ఆమెనే చూసింది. మిగతావన్నీ దాని వెనకే వరసగా నడుస్తాయని వెర్ల్ దానికి బిషప్ అని పేరు పెట్టాడు.

"ఏంటే బిషప్ అలా చూస్తావ్? నా బుగ్గ ఎప్పుడూ చూళ్లేదా?" అంది ఆర్డెత్.

ఎర్ర ఇసుకలో గిట్టల జాడలు గేటులోంచి అటూ ఇటూ ఉన్నాయి. వాటి మధ్య ఒక పెద్ద బూటు జాడ ఉంది. ఆమెకు బూటు జాడ ఒక్కటే కనబడింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆ బూటు ఎవరిదో తెలిసిపోయింది. నాలుగో గుడారంలో దిగిన నార్బర్ట్ కెసెల్‌ది. ఒహాయో నుంచి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లవాడు, ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపి మానేశాడు. రెండు మడమలకూ బొబ్బలు. మనిషి ఎంత నెమ్మదస్తుడంటే, ఉప్పు కావాలన్నా మూడుసార్లు గొంతు సవరించుకుని గానీ అడగడు.

ఆర్డెత్ బీన్స్ గిన్నె బల్లమీద దబ్బున పెట్టి, "ఏమయ్యా, పొద్దున ఊట దగ్గరి గేటు దాటింది నువ్వేనా?" అంది.

"నేనే మేడమ్."

"చదువొచ్చా?"

"వచ్చు మేడమ్."

"మరి చెక్కమీద ఏం రాసుందో చదివావా?"

"చదివాను. ఎలా కనబడితే అలాగే వదలమని. అలాగే వదిలాను. తీసి ఉంది, తీసే ఉంచాను."

"తీసి ఉందా! దానంతటదే తీసుకుందా? గాలొచ్చి తీసిందా?" వాచిన బుగ్గ వల్ల మాట సరిగా రాకపోయేసరికి ఆమెకు కోపం ఇంకా పెరిగింది. "అరవై ఏళ్లుగా ఈ గేట్లు తీస్తున్నా, మూస్తున్నా. తప్పు చేశానని ఒప్పుకుంటే పోయేదానికి అబద్ధమెందుకయ్యా, ఈ వయసులో?"

బల్ల చుట్టూ ఉన్న తొమ్మిదిమందీ చెంచాలు ఆపేశారు. కొలరాడో నుంచి వచ్చిన రాతిగోడలెక్కే అమ్మాయిలిద్దరూ తలలు వంచుకున్నారు. నార్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి.

"అత్తా, ఇక చాల్లే" అంది జెస్సా చిన్నగా.

"చాలదే. నలభై రెండు ఆవులకు నేను జవాబు చెప్పాలి, ఈయన కాదు."

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, రెండోసారి. మూడోసారికి ఇక మాట్లాడదలచుకోలేదేమో, రొట్టె తుంచి తినసాగాడు.

మర్నాడు తెల్లవారగానే అతను ఒక రాత్రి బయట ఉంటానని జెస్సాకు చెప్పి, చిన్న గుడారం వీపున కట్టుకుని బయల్దేరాడు. అతను కుంటుతూ పోవడం ఆర్డెత్ వంటపాకలోంచి చూసింది. తిట్టానన్న బాధ ఆమెకు ఏ మూలా లేదు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ, ఇకనైనా బుద్ధి వస్తుంది అనుకుంది.

వెర్ల్ అప్పటికి మూడు రోజులుగా కొండ మీద కంచె బాగుచేస్తున్నాడు. అక్కడ ఒక శిఖరం అంచుకు ఎక్కితే తప్ప ఇంటితో మాట్లాడే అతని రేడియో పలకదు. గురువారం పొద్దున వంటపాకలో రేడియో పెట్టె గరగరమంది. ఆర్డెత్ అందుకుంది.

"ఆర్డీ, పన్ను పోయిందా?"

"పోయింది. నొప్పి నాకొదిలేసి పోయింది."

"బుగ్గ వాచిందా?"

"వాచింది. నీ మొహంలా ఉంది."

"అయితే అందంగా ఉన్నావన్నమాట. సరే విను, మంద ఊటకు బాగా పోతోందా? మిట్టమీద కుంట ఆదివారానికే బురదయిపోయింది. అందుకే ఊట గేటు తీసి కట్టేసి వచ్చాను. నువ్వు వచ్చేటప్పుడు చూసే ఉంటావుగా."

ఆర్డెత్ చేతిలోని గరిటె బల్లమీద పెట్టింది.

"నారింజ తాడుతో కట్టాను, కనబడాలని. ఆర్డీ? వింటున్నావా?"

ఆమె ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. అక్కడ తాడుముక్క తగిలింది. దాన్ని విప్పింది తన వేళ్లే. అన్న కట్టిన ముడిని అరవై ఏళ్లుగా ఎరిగిన వేళ్లు. ఆ ముడి చూసి కూడా తలకాయ ఒక్క క్షణం ఆగి అడగలేదు. నేలమీద పడేసిన గేటు కాదది, కట్టి ఉంచిన గేటు. పరాయివాడు ఎవడూ అలా కట్టడు.

"అన్నా, నేను మూసేశాను. మంగళవారం మధ్యాహ్నం" అంది.

వెర్ల్ గొంతు వినబడింది. అందులో వెటకారం లేదు. "పో. తొందరగా పో."

పార, మోకు బండిలో పడేసుకుని ఆమె బయల్దేరింది. తోడు వస్తానన్న జెస్సాను పొయ్యి దగ్గరే ఉండమంది. ఆరు మైళ్ల దారి, ముప్పావుగంట ప్రయాణం. ఆర్డెత్ చేతివేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుంది. మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం పొద్దుటిదాకా. ఈ ఎండల్లో, ఒక్క చుక్క లేకుండా. పాలిచ్చే ఆవుకు నీళ్లు లేకపోతే ముందు పాలు ఎండుతాయి, తర్వాత దూడ కళ్లు లోపలికి పోతాయి. దాహంతో కుంటలోకి దిగితే ఆ బురద కాలు వదలదు. నాన్న హయాంలో ఒక వేసవి పదకొండు ఆవులు అలా పోయాయి. వాటి దగ్గర నాన్న టోపీ తీసి నిలబడడం ఆమె చూసింది.

దారిలో రెండు గేట్లున్నాయి. ఎంత తొందరలోనూ ఆమె దిగి తీసి, దాటాక మళ్లీ దిగి మూసింది. మూసే ముందు మాత్రం రెండుచోట్లా చేతులు వెనక్కి తీసుకుని, అంతకు ముందు అది ఎలా ఉందో పైకి అనుకుంది. "మూసే ఉంది. కాబట్టి మూస్తున్నా." ఒంటరిగా, ఆ రాళ్ల మధ్య, చిన్నపిల్లలా.

మూడో గేటు దగ్గరకు మలుపు తిరగగానే బ్రేకు తొక్కింది.

గేటు తీసి ఉంది. వెనక్కి లాగి, కంచెకు ఆనించి, కట్టి ఉంది. ఊట చుట్టూ గడ్డిలో ఆవులు నిలబడి ఉన్నాయి. కొన్ని మేస్తున్నాయి, కొన్ని తాగుతున్నాయి. దూడలు తల్లుల పొదుగులు కుమ్ముతున్నాయి. బిషప్ నీళ్లలో మోకాలిదాకా దిగి, లోకంతో తనకేం పనిలేనట్టు నెమరేస్తోంది.

ఆర్డెత్ స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఎవరికి చెబుతోందో ఆలోచించకుండానే "వందనాలు, వందనాలు" అంది. చాలాసార్లు అంది.

తర్వాత దిగి గేటు దగ్గరకు నడిచింది. దాన్ని కంచెకు కట్టింది తాడు కాదు, బూటు లేసు.

మిట్టవైపునుంచి నార్బర్ట్ వస్తున్నాడు. ఒక బూటుకు లేసు లేక అది టపటపమని కొట్టుకుంటోంది. చేతిలో చిన్న అల్యూమినియం గిన్నె. నడుందాకా ఎర్రబురద, ముక్కుమీద తోలు ఊడుతోంది. ఆమెను చూసి ఆగిపోయాడు. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా గిన్నె వెనక్కి పెట్టుకున్నాడు.

"మేడమ్, ఈసారి మాత్రం నేనే" అన్నాడు. ఈసారి గొంతు కూడా సవరించుకోలేదు. "నిన్న మధ్యాహ్నం వచ్చేసరికి గేటు మూసి ఉంది. మూసి ఉంటే మూసే ఉంచాలని మీ చెక్క చెబుతోంది. మీరూ చెప్పారు. ఒక అరగంట ఆ రాయిమీద కూర్చున్నాను. కానీ అన్నీ గేటు దగ్గర గుంపుగా నిలబడి అరుస్తున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను మేడమ్. పిల్లలు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తుంటే ముందు తలుపు తీయాలి, ఎవరి తప్పో తర్వాత చూసుకోవాలి. తీసేశాను. మళ్లీ మీకు చెప్పకుండా పోతే బాగుండదని ఇక్కడే ఉండిపోయాను. ఒక్కటి కూడా ఊట దాటి పోకుండా చూశాను."

"ఇలా కట్టడం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. మంగళవారం పొద్దున ఇలాగే కట్టి ఉంది. నారింజ తాడు. నా దగ్గర తాడు లేదు."

ఆర్డెత్ జేబులోంచి ఆ తాడు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "గేటు మూసింది నేను. నువ్వు నిజం చెప్పావు. అబద్ధాలకోరువని నిన్ను అన్నందుకు..." అని ఆగింది.

నార్బర్ట్ తాడు వైపు, ఆమె బుగ్గ వైపు చూశాడు. "ఓహో" అన్నాడు. "పన్ను నొప్పి మహా చెడ్డది మేడమ్. అదలా ఉంచండి, అక్కడ ఒకటి దిగబడింది. నావల్ల కావడం లేదు. రండి" అన్నాడు.

కుంట నడుమ ఒక ఎర్రని పడుచు ఆవు పొట్టదాకా బురదలో కూరుకుపోయి ఉంది. చెవికి పదిహేడో నంబరు బిళ్ల. అది మొదటిసారి ఈనింది ఆ మార్చిలోనే. గట్టుమీద దాని దూడ గొంతు పోయేలా అరుస్తోంది. ఆవు చుట్టూ జునిపర్ కొమ్మలు పరిచి ఉన్నాయి. దాని ముట్టె తడిగా ఉంది. అప్పటికి ఆర్డెత్‌కి ఆ గిన్నె సంగతి అర్థమైంది. అరమైలు దూరంలో ఊట. లీటరు పట్టని గిన్నె. నిన్న మధ్యాహ్నం నుంచి.

"ఎన్నిసార్లు తిరిగావయ్యా?"

"ముప్పై దాకా లెక్కపెట్టాను. తర్వాత మానేశాను. సగం దారిలోనే ఒలికిపోయేవి."

"పైగా బొబ్బల కాళ్లు."

"అవి చితికిపోయాయి. ఇప్పుడు హాయిగా ఉంది."

ఆర్డెత్ నవ్వబోయి, బుగ్గ పట్టుకుని "అమ్మో" అంది. తర్వాత బూట్లు విప్పి బురదలోకి దిగింది. ఒక్కో కాలి చుట్టూ పారతో బురద తోడి, గాలి చొరబడేలా చేసింది. మోకును ఆవు ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ తిప్పి, బిగుసుకోని ముడి వేసింది. రెండో కొస బండికి కట్టింది. ఇక చిక్కు ఒకటే. ఒకరు బురదలో ఉండి ఆవు తల ఎత్తిపట్టాలి, ఒకరు బండి లాగాలి. బండి ఒక్కసారిగా కుదిపితే ఆవు నడుం విరుగుతుంది.

"ఈ రకం గేర్ల బండి నడపగలవా?"

"పిల్లలు ఇంకా సీట్లలో కూర్చోకముందే బస్సు కదిలించాలి మేడమ్, వెనకాల కార్లు హారన్లు కొడుతుంటాయి. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కణ్ణీ పడేయలేదు."

అతను బండెక్కాడు. బండి కదిలిందని ఆర్డెత్‌కి తెలియనేలేదు, మోకు బిగుసుకోవడం చూసి తెలుసుకుంది. వేలెడు వేలెడుగా లాగుతున్నాడు. ఆవు మూలిగింది. "లే తల్లీ, లే, నీ బిడ్డ అక్కడుంది చూడు, లేవే" అంటూ ఆర్డెత్ దాని గడ్డం భుజంమీద వేసుకుంది. బురద పెద్ద శబ్దంతో వదిలింది. ఆవు పక్కకు ఒరిగి, జునిపర్ కొమ్మల మీదుగా గట్టుకు జారివచ్చింది. చాలాసేపు లేవలేదు. ఇద్దరూ దాని పక్కనే కూర్చుని కాళ్లు రుద్దారు. ఎండ నెత్తిమీదికి వచ్చాక అది మొదట వెనక కాళ్లు ఎత్తింది, తూలింది, ఆ తర్వాత నిలబడింది. దూడ పరుగెత్తి వచ్చి పొదుగు కింద దూరింది. పాలు ఉన్నాయో లేదో గానీ తోక మాత్రం ఊగుతోంది.

నార్బర్ట్ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ చొక్కాతో తుడిస్తే అద్దాలకు బురద అంటుకోవడం తప్ప ఏమీ కాలేదు.

మధ్యాహ్నం వంటపాకకు చేరగానే ఆర్డెత్ కాళ్లు కూడా కడుక్కోకుండా రేడియో అందుకుంది. ఆ వేళకు వెర్ల్ శిఖరం అంచున ఉంటాడని ఆమె అనుకోలేదు. నొక్కీ నొక్కకముందే వెర్ల్ పలికాడు.

"చెప్పు."

"అన్నీ ఉన్నాయి. నలభై రెండూ ఉన్నాయి. దూడలు కూడా. పదిహేడు దిగబడితే లాగాం."

గరగర. "సరే" అన్నాడు. "కుంట ఎండిందని జెస్సాకు చెప్పి రావాల్సింది నేను. నువ్వు ఊరెళ్లావని మర్చిపోయా. ఒక చీటీ ముక్క కూడా పెట్టలేదు. అందులో సగం నా తప్పే."

"సగం కాదు. పావు ఇస్తా, తీసుకో."

"ఇవ్వవే పిసినారీ."

"పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నావా? ఎండలో?"

"నాకేం, టోపీ ఉంది" అన్నాడు వెర్ల్.

సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు. తొమ్మిదిమందీ ఉన్నారు. నార్బర్ట్ శుభ్రమైన చొక్కా వేసుకుని, మడమలకు ఆర్డెత్ కట్టిన గుడ్డ కట్లతో, చివర్న కూర్చున్నాడు. ఆ బల్ల దగ్గర తినేముందు ప్రార్థన వెర్ల్ చెబుతాడు. అతను లేనప్పుడు జెస్సా చెబుతుంది. ఆర్డెత్ మాత్రం నలుగురిలో ఎప్పుడూ చెప్పలేదు. అది తనకూ దేవుడికీ మధ్య సంగతి అనేది.

జెస్సా తల వంచబోతుంటే ఆర్డెత్ లేచి నిలబడింది. "ఈ పూట నేను చెబుతా."

టోపీలు దిగాయి. ఆమె రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుంది. "పరలోకమందున్న మా తండ్రీ" అని ఆదివారం భాషలో ఎత్తుకుంది గానీ, రెండో మాటకే పశువుల దొడ్డి భాషలోకి దిగిపోయింది.

"ఆవులన్నీ బతికున్నందుకు నీకు వందనాలు. ఊట ఎండనందుకు వందనాలు. మంగళవారం ఇదే బల్ల దగ్గర, వీళ్లందరి ముందూ, నేనొక మనిషిని అబద్ధాలకోరు అన్నాను. ఆయన నిజమే చెప్పాడు. గేటు మూసింది నేను. మా అన్న కట్టిన ముడి విప్పి మరీ మూశాను. నీకు తెలుసు, నువ్వు చూశావు. వీళ్లు చూడలేదు, అందుకని పైకి చెబుతున్నా." వాచిన బుగ్గ పక్కనుంచి ఒక కన్నీటిచుక్క జారితే తుడుచుకోలేదు. "నేను తిట్టిన మనిషే నా ఆవులకు గేటు తీశాడు. గిన్నెతో నీళ్లు మోశాడు. నా మాట వినకుండా చేశాడు, అలా వినకుండా చేసినందుకు వందనాలు. ఆయన బస్సెక్కిన పిల్లలందరికీ నీ ఆశీస్సులు. ఇన్నేళ్లుగా ఈ లోయకొచ్చిన నడకవాళ్లందరినీ నేను మనసులో తిట్టుకున్నవి కూడా నీకు తెలుసు. అవి కొట్టెయ్. ఆమెన్."

రాతిగోడలెక్కే అమ్మాయిల్లో ఒకతె కాస్త ఆలస్యంగా "ఆమెన్" అని, తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. జెస్సా వంటపాక వైపు తిరిగి గరిటె వెతుకుతున్నట్టు నటించింది. గరిటె ఆమె చేతిలోనే ఉంది.

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. అందరూ అతనివైపే చూశారు.

"బీన్స్ కొంచెం ఇటు పంపుతారా" అన్నాడు.

బల్ల మొత్తం ఘొల్లుమంది. ఆర్డెత్ ఎవరినీ పంపనివ్వలేదు. గిన్నె తనే తీసుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, అతని పళ్లెంలో నిండుగా వడ్డించింది. చాలు చాలని అతను చెయ్యి అడ్డం పెడుతున్నా ఇంకో గరిటె వేసింది.

"శనివారం మందను కొండమీదికి తోలుతున్నాం" అంది. "వెనక నడిచేవాడికి దుమ్ము తప్ప ఇంకేం కనబడదు. నోట్లో, ముక్కులో, చెవుల్లో అదే. పద్నాలుగు మైళ్లు. వస్తావా?"

"ఈ కాళ్లతోనా?"

"లామార్ కంచరగాడిద పోయాక తెచ్చుకున్న ఇంకో కంచరగాడిద ఉంది నా దగ్గర. కరుస్తుంది. కానీ పడేయదు."

నార్బర్ట్ చెంచా కిందపెట్టి, ఎంతో గొప్ప చోటికి పిలుపు వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు. "వస్తాను మేడమ్" అన్నాడు.

"మేడమ్ కాదు, ఆర్డీ. ఇక తిను, చల్లారిపోతోంది."